పరికరం ఇచ్చారు సరే, మర్నాటి సంగతేంటి?

రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ, సమగ్ర శిక్షా, దివ్యాంగుల సంక్షేమ శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా బడిలో చెవి మిషన్ పెట్టుకునే పిల్లలున్నారు, వీల్‌చైర్‌లో వచ్చే అబ్బాయి ఉన్నాడు, చూపు బాగా తక్కువగా ఉన్న అమ్మాయి ఉంది. పరికరాలు ఇవ్వడం లేదని ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇస్తున్నారు. శిబిరం పెడుతున్నారు, పేర్లు పిలుస్తున్నారు, పెట్టె చేతికిచ్చి ఫొటో తీస్తున్నారు, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఆ ఫొటో వస్తోంది. ఆ రోజు నుంచి ఆ పరికరం మంచీచెడూ చూసేదెవరన్నదే నా ప్రశ్న.

ముందు చెవి మిషన్ సంగతి చెబుతాను. చెవి వెనక పెట్టుకునే మిషన్ ఎంత మంచిదైనా, చెవి రంధ్రంలో కూర్చునే అచ్చు సరిగ్గా లేకపోతే వృథా. మౌల్డ్ అంటారు దాన్ని. పిల్ల చెవిలో మెత్తటి ముద్ద పెట్టి కొలత తీసి, ఆ కొలతకే తయారు చేయాలి. పిల్ల పెరుగుతుంటే చెవీ పెరుగుతుంది. పసిపిల్లలకైతే కొన్ని నెలలకోసారి, బడి పిల్లలకైతే ఏడాదికోసారైనా అచ్చు మార్చాల్సిందే. వదులైపోతే లోపలికి వెళ్లాల్సిన శబ్దం సందులోంచి బయటికొచ్చి మళ్లీ మిషన్ మైకులోనే పడుతుంది. పెళ్లి పందిట్లో మైకు పట్టుకుని స్పీకరు ముందుకొస్తే వచ్చే కూత ఉంటుంది చూడండి, చిన్న స్థాయిలో అదే కూత వస్తుంది. క్లాసు మొత్తం వెనక్కి తిరిగి చూస్తుంది. ఏడో తరగతి ఆడపిల్ల ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? తీసి జామెట్రీ బాక్సులో పెట్టేసింది. మా రికార్డులో మాత్రం ఆ అమ్మాయి పేరుకెదురుగా ‘వినికిడి యంత్రం: అందజేయబడింది’ అనే ఉంది.

కొలతలు తీసిన శిబిరానికీ, మిషన్లు పంచిన శిబిరానికీ మధ్య నెలలు గడిచిపోయాయి. అంటే ఆ అచ్చు చేతికొచ్చిన రోజే పాతదన్నమాట. కొత్త అచ్చు ఎక్కడ చేయించుకోవాలో మిషన్‌తో ఇచ్చిన కాగితాల్లో ఎక్కడా లేదు. జిల్లా కేంద్రంలో చెవి మిషన్ల షాపుకి వెళ్తే చేసిస్తారు, డబ్బులకి. వాళ్ల నాన్న కూలికెళ్లే మనిషి. ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వెళ్తే ఆ రోజు కొలత మాత్రమే తీస్తారు. అచ్చు కోసం ఇంకో రోజు రావాలి.

ఇక బ్యాటరీ. ఇందులో వేసేది జింక్ ఎయిర్ బ్యాటరీ. దానికి వెనక చిన్న రంగు స్టిక్కరు అంటించి ఉంటుంది. 675 సైజుదైతే నీలం, 13 సైజుదైతే నారింజ. స్టిక్కరు పీకగానే గాలి తగిలి బ్యాటరీ పని మొదలెడుతుంది. ఒకసారి పీకాక మిషన్‌లో వేసినా వేయకపోయినా దాని ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది. ఈ ఒక్క మాట శిబిరంలో ఎవరైనా ఆ తల్లికి చెప్పి ఉంటే బాగుండేది. ఇంట్లో తమ్ముడు ముచ్చటపడి అట్ట మీదున్న నీలం స్టిక్కర్లన్నీ పీకి పలకకి అంటించుకున్నాడు. కొద్ది వారాలకే బ్యాటరీలన్నీ చచ్చిపోయాయి. ఊళ్లో వాచీల షాపులో గుండీ బ్యాటరీ కొన్నారు. చూడ్డానికి అలాగే ఉంటుంది, మిషన్‌లో కూడా పడుతుంది, కానీ ఎక్కువ రోజులు రాదు. మిషనే చెడిపోయిందనుకుని బీరువాలో పెట్టారు.

లెక్కల టీచర్ని కాబట్టి ఒక లెక్క వేశాను. రెండు చెవులకీ మిషన్లు, ఒక్కో బ్యాటరీ రెండు వారాలు వస్తుందనుకుందాం. ఏడాదికి 52 బ్యాటరీలు. ఒకటి 30 రూపాయలనుకున్నా 1,560 అవుతుంది. సమగ్ర శిక్షా అనే కేంద్ర విద్యా పథకంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి తలకి ఏడాదికి 3,500 రూపాయల లెక్కన ఇస్తారు. గుర్తింపు శిబిరాలు, రాకపోకలు, తోడు వచ్చే మనిషి ఖర్చు, బోధన సామగ్రి అన్నీ అందులోనే జరగాలి. అంటే బ్యాటరీలు ఒక్కటే దాదాపు సగం మింగేస్తాయి. కాబట్టి ఎవరూ బ్యాటరీల ఊసెత్తరు. మిషన్ కొనడానికి ఒక పథకం ఉంటుంది, దాన్ని నడపడానికి ఏ పద్దూ ఉండదు. కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడటానికి ఆపరేషన్ చేసి లోపల అమర్చే పరికరం) ఉన్న పిల్లల పరిస్థితి ఇంకా ఘోరం. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కింద లక్షల రూపాయల ఆపరేషన్ ఉచితంగా చేయిస్తారు, నిజంగా గొప్ప పని. తర్వాత శబ్దాన్ని లోపలి పరికరానికి పంపడానికి బయట పెట్టుకునే ప్రాసెసర్ కేబుల్ తెగితే, కాయిల్ పాడైతే ఆ ఖర్చు ఇంటివాళ్లది. తలలో అంత ఖరీదైన పరికరం ఉండి, ఒక్క కేబుల్ లేక ఏమీ వినపడకుండా బెంచీ మీద కూర్చునే పిల్లాణ్ని ఊహించుకోండి.

ఇంకోటి. మిషన్ పెట్టుకుంటే అన్నీ వినపడిపోతాయని చాలామంది టీచర్లే అనుకుంటారు. క్లాసులో 45 మంది, పైన టకటకలాడే ఫ్యాను, పక్క గదిలో ఎక్కాలు. మిషన్ వీటన్నిటినీ కలిపే పెంచుతుంది. టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడితే పెదాలు కనపడవు, ఉన్న ఆధారం కూడా పోతుంది. టీచరు మెడలో చిన్న మైకు వేసుకుంటే గొంతు నేరుగా పిల్ల మిషన్‌లోకి వెళ్లే ఏర్పాటు ఒకటి ఉంది. ప్రపంచంలో చాలా చోట్ల బడుల్లో వాడుతున్నారు. మన పంపిణీ జాబితాల్లో నాకెక్కడా కనపడలేదు.

చట్టం ఏమంటోందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు కానీ, మా హెడ్మాస్టరు గారికి చెప్పాల్సి వచ్చింది కాబట్టి ఇక్కడా రాస్తున్నాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న విద్యార్థులకి 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, అభ్యాస సామగ్రి, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలి. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకోమని అందులో లేదు. దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్రం ఎడిప్ పథకంలో కూడా 12 ఏళ్లలోపు పిల్లలకి ఏడాది దాటితే మళ్లీ పరికరం తీసుకునే వీలుంది. 12 దాటితే మూడేళ్లు ఆగాలి. ఈ నిబంధన రాసినవాళ్లు ఏ లెక్కన రాశారో గానీ, ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు ఎలా ఎదుగుతారో మా ఊళ్లో యూనిఫాం కుట్టే దర్జీనడిగినా చెబుతాడు. సరిగ్గా ఆ మూడేళ్లలోనే కాలికి ఆసరాగా కట్టే కాలిపర్ పొట్టిదవుతుంది, వీల్‌చైర్ ఇరుకవుతుంది, అచ్చు వదులవుతుంది. కేంద్రం నిబంధన మీరు మార్చలేరు, నిజమే. మధ్యలో పడే ఆ ఖాళీని రాష్ట్రం డబ్బుతో పూడ్చడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు.

వీల్‌చైర్ అబ్బాయి ఆరో తరగతి. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాల మీద అదుపు సరిగ్గా ఉండదు. వచ్చింది పెద్దవాళ్ల మడత కుర్చీ. కూర్చుంటే ఒక పక్కకి ఒరిగిపోతాడు, పాదాలు కింద పలక దాకా అందవు. వాళ్లమ్మ రెండు పక్కలా దిండ్లు కుక్కి, నడుముకి చున్నీ కట్టి తీసుకొచ్చేది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం నుంచి వచ్చే ఐఈఆర్‌పీ (అలాంటి పిల్లలకి చదువులో సాయం చేసే రిసోర్స్ పర్సన్) మేడం చూసి, వడ్రంగి చేత పాదాల కింద చెక్కపలక బిగించి, వీపు వెనక ఫోం పెట్టించింది. పెన్ను జారిపోతుంటే సైకిల్ హ్యాండిల్‌కి తొడిగే రబ్బరు ముక్క కోసి పెన్నుకి ఎక్కించింది. ఆ రబ్బరు ముక్కతో అబ్బాయి ఇప్పుడు తన పేరు తనే రాస్తాడు, వంకరగానైనా. ఆమె కాంట్రాక్టు ఉద్యోగి. మండలం మొత్తం తిరగాలి, బడికి రాలేని పిల్లల ఇళ్లకీ వెళ్లాలి, రికార్డులన్నీ రాయాలి. ఆ చెక్కపలకకీ ఫోంకీ డబ్బులు ఎవరిచ్చారని అడిగితే నవ్వి ఊరుకుంది.

కుర్చీ ముందు చక్రం బేరింగు పోయినప్పుడు మా ఊరి సైకిల్ షాపాయన మార్చాడు. ఆయనా డబ్బు తీసుకోలేదు. ఎన్నాళ్లని ఇలా ఒకరి మంచితనం మీద, ఇంకొకరి జేబు మీద నడుస్తుంది? హెడ్మాస్టరు గారు బడి నిధుల్లోంచి ఇద్దామంటే, ఆ పద్దు కింద రాదన్నారు. వస్తుందన్నా మూడు కొటేషన్లు తెమ్మంటారు. 200 రూపాయల బేరింగుకి మూడు కొటేషన్లు తేవాలంటే ముందు మా ఊళ్లో ఇంకో రెండు సైకిల్ షాపులు పెట్టించాలి.

మా బడికి ర్యాంపు కట్టారు, బాగానే ఉంది. అది వరండా దాకా వెళ్లి ఆగిపోతుంది. మరుగుదొడ్డి ముందు రెండు మెట్లున్నాయి. ఆ అబ్బాయి పొద్దున్నుంచి నీళ్లు తాగడు. ఇంతకంటే దీని గురించి రాయబుద్ధి కావడం లేదు.

చూపు తక్కువున్న అమ్మాయి విషయంలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది, ఆ అమ్మాయికి బ్రెయిలీ పలక, స్టైలస్ ఇచ్చారు. బ్రెయిలీ ఎవరూ నేర్పలేదు, పైగా ఆ అమ్మాయికి దాని అవసరమూ లేదు. పెద్ద అక్షరాలైతే ముక్కు దగ్గర పెట్టుకుని చదవగలదు. జాబితాలో ‘దృష్టి లోపం’ అని ఒకే గడి ఉండటంతో పూర్తిగా చూపు లేనివాళ్లకి ఇచ్చే కిట్టే ఇచ్చేశారు. హైదరాబాద్‌లో ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ తనకి మిగిలున్న చూపుని కొలిచి, భూతద్దం, ఏటవాలు చదువు బల్ల రాసిచ్చారు. ఆ బల్ల ప్లైవుడ్‌తో ఇక్కడే చేయించాం. మెడ నొప్పి తగ్గిందంది. తక్కువ చూపున్నవాళ్ల కోసం ప్రత్యేక విభాగాలు నడిపే కంటి ఆసుపత్రులు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఇంత నైపుణ్యం పక్కన పెట్టుకుని ఒకే గడి నింపుకుంటూ పోవడం దేనికి?

రెండోది, దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి మీరు కాస్త ఓపిగ్గా చదవాలి. ఆ అమ్మాయి దగ్గర వాళ్లన్నయ్య పాత ఆండ్రాయిడ్ ఫోనుంది. అందులో టాక్‌బ్యాక్ అనే సదుపాయం తెరమీదున్నది చదివి వినిపిస్తుంది, తెలుగులో కూడా. కంప్యూటర్లో అయితే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అదే పని చేస్తుంది. సరే, పాఠ్యపుస్తకం పీడీఎఫ్ దించుకుని వినిపిద్దామని మొదలుపెట్టాం. ఫోను ఏవేవో ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, ఆశ్చర్యార్థకాలు చదవడం మొదలెట్టింది. ఫోను తప్పు కాదు. ఆ పుస్తకాన్ని డీటీపీలో పాత ఫాంట్లతో కంపోజ్ చేశారు. కంటికి ‘అ’ కనిపిస్తుంది, లోపల మాత్రం ఏదో ఇంగ్లీషు అక్షరం కూర్చుని ఉంటుంది. ప్రతి భాష అక్షరానికీ ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకి 1991 నుంచే చోటుంది. ముప్ఫై ఏళ్లు దాటినా మన ప్రచురణల్లో చాలా భాగం ఇంకా పాత ఫాంట్లనే పట్టుకుని వేలాడుతోంది.

నమ్మకపోతే మీ ఆఫీసులోనే చేసి చూడండి. మీ శాఖ ప్రచురించిన తెలుగు పీడీఎఫ్ ఏదైనా తెరవండి, ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేయండి. అక్కడ తెలుగు కనపడితే మా అమ్మాయి దాన్ని వినగలదు. చెత్త కనపడితే ఆ పుస్తకం తనకి లేనట్టే. చట్టం కింద 2017లో చేసిన నియమాల్లోనే వెబ్‌సైట్లలో పెట్టే పత్రాలు ఈపబ్ అనే ఈ-పుస్తకం రూపంలోనో, అక్షరాలు గుర్తుపట్టగలిగే పీడీఎఫ్ రూపంలోనో ఉండాలని రాశారు. దివ్యాంగులు వాడుకోగలిగేలా ఉండాలనే సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాపీరైటు అడ్డమనే వాదన కూడా నిలవదు. చదవలేని వాళ్ల కోసం పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చుకునేందుకు 2012 సవరణతోనే దారి తెరిచారు. పైగా పాఠ్యపుస్తకాలు మీవే కదా, ఎవరి అనుమతి కావాలి? వచ్చే ముద్రణ నుంచి యూనికోడ్‌లో కంపోజ్ చేయాలని డీటీపీ టెండరులో ఒక్క షరతు పెడితే చాలు. లెక్కల పుస్తకంలో సూత్రాలని బొమ్మలుగా అతికించకుండా ఉంటే ఇంకా మంచిది. బొమ్మ దగ్గరికి రాగానే ఫోను ‘గ్రాఫిక్’ అని ఊరుకుంటుంది. వర్గ సమీకరణాల పాఠంలో సగం గ్రాఫిక్కులే.

ట్యాబులకీ ఇదే వర్తిస్తుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి లక్షల సంఖ్యలో ట్యాబులిచ్చారు. తెలంగాణలో డిజిటల్ తరగతి గదులు వస్తున్నాయి. ఇలాంటివి కొనేటప్పుడే, అందులోని వీడియో పాఠాల్లో చెప్పే మాటలు కింద అక్షరాల్లో రావాలనీ, తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో నడవాలనీ రాసుకుంటే తర్వాత విడిగా ‘దివ్యాంగుల ట్యాబు’ అని ఇంకో టెండరు పిలవాల్సిన అవసరం రాదు.

పరీక్షల గురించి ఒక్క మాట. ఏడాదంతా కంప్యూటర్లో నేర్చుకున్న పిల్లని పబ్లిక్ పరీక్షనాడు స్క్రైబ్, అంటే చెప్పింది రాసిపెట్టే మనిషి, పక్కన కూర్చోబెట్టి జవాబులు చెప్పించుకుంటున్నాం. లెక్కల్లో అది ఎంత కష్టమో ఒకసారి ‘రూట్ ఓవర్ బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ’ అని కింది తరగతి పిల్లాడితో రాయించి చూడండి. బ్రెయిలీ, కంప్యూటర్, పెద్దక్షరాలు, రికార్డింగు, వీటిలో ఎలా రాయాలో ఎంచుకునే వీలు అభ్యర్థికి ఉండాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లోనే చెప్పింది. గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం కూడా అందులోదే. అదనపు సమయం ఇస్తున్నారు. ఎంచుకునే వీలు మాత్రం మా పరీక్షా కేంద్రం దాకా రాలేదు.

ఇప్పుడు నేను అడిగేవి. ప్రతి భవిత కేంద్రంలో బ్యాటరీలు, కాక్లియర్ కేబుళ్లు, కర్రల కింద తొడిగే రబ్బరు బూట్లు, వీల్‌చైర్ ట్యూబులు, బేరింగులు కొద్దిగా నిల్వ ఉంచండి. బ్యాటరీలు మాత్రం గడువు చూసి కొనండి, ఐదేళ్లకి సరిపడా ఒకేసారి కొనేస్తే అవీ స్టిక్కరు పీకినవాటితో సమానమే. అచ్చు కొలతలు తీసే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) నెలకోసారి డివిజన్ కేంద్రానికి రావాలి. ఏ రోజు వస్తారో ముందే తెలియాలి. మండలానికో సైకిల్ మెకానిక్‌ని ఎంచుకుని రెండు రోజులు శిక్షణ ఇచ్చి, రిపేరుకింత అని రేటు కట్టి నేరుగా ఆయన ఖాతాలో వేయండి. పరికరాలు కాన్పూర్‌లో వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలింకో నుంచి రావచ్చు, ఊడిన స్క్రూ బిగించడానికి కాన్పూర్ దాకా వెళ్లలేం కదా. ఐఈఆర్‌పీలకి మూడు కొటేషన్ల గొడవ లేకుండా చిన్న ఖర్చులు పెట్టే వీలివ్వండి. వాళ్లనే రెగ్యులర్ చేస్తే అసలు సగం సమస్య తీరుతుంది కానీ, అది అడిగితే ఫైలు అక్కడే ఆగిపోతుందని భయం.

దీనికంటే ముందు చేయగలిగింది ఒకటుంది. బడుల వివరాలు నమోదు చేసే కేంద్రం పోర్టల్ యూడైస్‌లో ప్రతి ఏడాదీ ఏ పిల్లకి ఏ పరికరం అందిందో నింపుతున్నాం. దాని పక్కనే మన రాష్ట్రాల విద్యాశాఖ యాప్‌లో ఇంకో గడి పెట్టండి: ‘ఈ రోజు క్లాసులో వాడుతోందా?’ అని. అవును, కాదు, కాకపోతే ఎందుకు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ), యూనిసెఫ్ కలిసి ఇచ్చిన నివేదికలో ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా ఏదో ఒక సహాయక పరికరం కావాలనీ, దాదాపు 100 కోట్ల మందికి అది అందడం లేదనీ లెక్కగట్టారు. మన రికార్డులు నమ్మితే మా ఏడో తరగతి అమ్మాయి అందినవాళ్లలోనే ఉంటుంది, మిషన్ జామెట్రీ బాక్సులో ఉన్నా సరే. ఆ గడి పెడితే మొదటి ఏడాది అంకెలు చూసి మీకే కంగారు పుడుతుంది. పుట్టనివ్వండి.

కొలతల శిబిరాలు జూన్‌లో బడులు తెరవగానే పెట్టండి, పరికరాలు దసరా సెలవుల్లోపు చేతికి రావాలి. పోయినసారి మా దగ్గర సంక్రాంతి తర్వాత కొలతలు తీశారు. పరికరాలు వచ్చేసరికి పదో తరగతి పిల్లలు బడి వదిలి వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు రాసున్న పెట్టెలు ఇప్పటికీ మా స్టోర్ రూంలో, పాత ఓఎంఆర్ షీట్ల పక్కన ఉన్నాయి. ఇంటర్ కాలేజీలకి పంపాలా, వాపసు చేయాలా, ఆ కొలతకి సరిపోయే వేరే పిల్లలుంటే ఇవ్వొచ్చా అని మా హెడ్మాస్టరు గారు మండల ఆఫీసుకి రాశారు. జవాబు రాలేదు. ఈ ఉత్తరంలో మిగతావాటి మీద ఆలోచించడానికి మీకు టైం పడుతుంది, అర్థం చేసుకోగలను. ఆ పెట్టెలు ఎవరికివ్వాలో మాత్రం ఈ వారంలో చెప్పండి.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ లెక్కల టీచరు